లాగితే ముడి బిగుస్తుంది!

గత ఏప్రిల్‌లో నా ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఇంకో కొలువు వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులే గడువు. ఇంట్లో చెప్పలేదు. సియాటిల్‌లో గది దాటకుండా కూర్చున్న నన్ను, ఫ్లై ఫిషింగ్ నేర్పిస్తానంటూ ఓ ఫ్రెండ్ యాకిమా నదికి లాక్కెళ్లాడు.

ఈకలూ దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగే ఇందులో ఎర. లావుపాటి లైన్ చివర లీడర్ అని 9 అడుగుల సన్నటి నైలాన్ తీగ ఉంటుంది. పొద్దున్నంతా దాని చిక్కులు తీయడమే సరిపోయింది. చేప ఊసే లేదు.

‘‘వెనక్కి విసిరాక లైన్ పూర్తిగా చాచుకునేదాకా ఆగట్లేదురా. కంగారుగా ముందుకి కుదుపుతున్నావ్. అందుకే ముడిపడుతోంది’’ అన్నాడు వాడు. లీడర్ మార్చి ఏడున్నర అడుగులది కట్టాడు. చుట్టలు పోయేలా చేత్తో సాగదీయమన్నాడు. గాల్లో ఊరికే ఊపడం తగ్గించి, ఒకటి రెండుసార్లకే నీళ్లమీద వేయమన్నాడు. చిన్న ముడి కనిపించినా ఆగి తీసేయాలట. చేప లాగినప్పుడు తీగ తెగేది అక్కడే మరి.

చిక్కుపడితే మాత్రం లాగకూడదు, వదులు చేయాలి. మగ్గం నేసిన మా తాతయ్య పోగుల గురించి చెప్పిందీ ఇదే!

సాయంత్రం ఓ చిన్న ట్రౌట్ పడింది. నీళ్లలోనే వదిలేశాం.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశా. అప్పటికి 23 రోజులుగా దాస్తున్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘‘ఇంకా 37 రోజులున్నాయి కదరా’’ అన్నారు.

52వ రోజున ఆఫర్ వచ్చింది. లీడర్ మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ చిక్కుపడుతూనే ఉంది. లాగడం మానేశానంతే.