ముజాహమత్ ఎక్కడుంది?

పోయిన రంజాన్‌లో ఒకరోజు అసర్ నమాజ్ అయ్యాక తమ్ముడి ఫోన్. "భాయిజాన్, బండిలో లైట్లు పోయినయ్. జల్దీ రా."

మా తమ్ముడికి ఒక క్యారవాన్ ఉంది. పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు పీకేసి, రెండు పడకలు, చిన్న ఫ్రిజ్, ఫ్యాన్లు, నీళ్ల పంపు పెట్టించాడు. షూటింగులకూ, దూరం పోయే కుటుంబాలకూ కిరాయికి ఇస్తాడు. ఆ రోజు రాయదుర్గంలో ఏదో యాడ్ షూటింగ్. రాత్రికల్లా బండి తయారుగా లేకపోతే కిరాయి పోయినట్టే. పండుగ ఖర్చులన్నీ ఆ డబ్బుల మీదే పెట్టుకున్నాడు.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు నేను డిగ్రీలో తెలుగు చదువుతున్నాను. అప్పట్లో ఇటువైపంతా రాళ్లూ గుట్టలే. ఇప్పుడు అద్దాల మేడల మధ్య ఎటు చూసినా వెలుతురే, మా బండిలో తప్ప.

నేను చేరేసరికి తమ్ముడు హెల్పర్ పిల్లోడి మీద అరుస్తున్నాడు. "నిన్న ఇన్వర్టర్ దగ్గర చెయ్యి పెట్టింది వీడే. రేపటి నుంచి రావొద్దని చెప్పేసిన." పిల్లోడు రోజాతో ఉన్నాడు. పెదవులు ఎండిపోయి, తల దించుకుని నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే నాకూ వాడి మీదే షక్.

మామూకు ఫోన్ చేశాను. పాతబస్తీలో ఏళ్ల తరబడి వైరింగ్ చేసిన ఉస్తాద్ ఆయన.

"ముందు బయటి కేబుల్ పీకి, ఇన్వర్టర్ ఆపండి బేటా. 230 వోల్టుల వైపు అసలు పోవద్దు. లైట్లు, పంపు 12 వోల్టుల మీద నడుస్తయ్. వాటికి బ్యాటరీ వేరే ఉంటది, ఇంజన్‌ది కాదు. మీటర్ పెట్టి చూడండి."

బ్యాటరీ 12.6 చూపింది. ఫ్యూజు బాగుంది. లైటు ఊడదీసి అక్కడ మీటర్ పెడితే అక్కడా 12.6. మరి వెలగదేం?

మామూ నవ్వాడు. "పని లేనప్పుడు అందరూ పహిల్వాన్లే. బరువు మోపి చూడు."

లైటు మళ్లీ తగిలించి, అన్ని స్విచ్‌లు వేసి, పంపు నడిపి చూశాం. బ్యాటరీ దగ్గర 12.4. లైటు దగ్గర 7. మిగతా 5.4 వోల్టులను దారిలో ఏదో మింగేస్తోంది. బ్యాటరీ ప్లస్ నుంచి లైటు ప్లస్ దాకా కొలిస్తే పోయింది 0.2 మాత్రమే. మైనస్ వైపు కొలిస్తే 5.2.

"దొరికింది. ఎర్త్ చూడు. బండి బాడీకి బిగించిన బోల్టు."

పడక కింద టార్చి వేశాం. బోల్టు కింద కొత్త పెయింటు మెరుస్తోంది. తమ్ముడి ముఖం మారిపోయింది. వారం కింద అక్కడ రంగు వేయించి, ఆ బోల్టు తానే తన చేతులతో బిగించాడు. పెయింటు మీద బిగిస్తే ఇనుముకు ఇనుము అంటుకోదు. బ్యాటరీ మైనస్ తీగ తీసేసి, సాండ్‌పేపర్‌తో రంగు గీకి, మళ్లీ బిగించాం. లైట్లు వెలిగాయి.

బళ్లో రెసిస్టెన్స్‌ను ముజాహమత్ అని చదువుకున్నాను. 1917లోనే దారుల్ తర్జుమా పెట్టి సైన్సుకు ఉర్దూ మాటలు తయారు చేసిన నగరం మాది. మాట కంఠతా వచ్చింది గానీ, అది ఎక్కడ కూర్చుంటుందో ఆ సాయంత్రమే తెలిసింది. ఊళ్లో ఎక్కడ ఏం జరిగినా చూపులన్నీ ముందు మన గల్లీ వైపే తిరుగుతాయని నేను ఎన్నోసార్లు రాశాను. ఆ బాధ నిజమే. కానీ మా బండిలో లైట్లు పోగానే, మీటర్ తీయకముందే, నేనూ తమ్ముడూ ఎవరి వైపు చూశాం? అందరికన్నా తక్కువ జీతం తీసుకునే పిల్లోడి వైపు. బద్‌గుమానీకి ఫ్యూజు ఉండదు.

మగ్రిబ్ అజాన్ వినిపించింది. డబ్బాలోంచి మొదటి ఖజూర్ తీసి తమ్ముడు పిల్లోడి చేతిలో పెట్టాడు. "గల్తీ నాదే రా, మాఫ్ చెయ్."

వాడు ఖజూర్ నోట్లో వేసుకుని, నీళ్లు తాగి అడిగాడు.

"సేట్, రేపు ఎన్నింటికి రావాలె?"