తొంభై పాయింట్ నాలుగు

ఏమే,

నీ ఉత్తరం చేరింది. షార్జాల ఎన్ని స్టేషన్లు తిప్పినా మన దిక్కు మాట ఒక్కటన్న ఇనవడదని రాసినవు. అది చదివినకాడికెల్లి నీకు మన మాచనూరు సంగం రేడియో ముచ్చట రాద్దామని పానం కొట్టుకుంటున్నది.

మొన్న ఆ రేడియోల పనిచేసే ఆమె రికార్డరు పట్టుకొని మీ ఇంటికొచ్చింది. ఇత్తనం ఎట్ల దాస్తరో చెప్పుమని మీ అమ్మను అడిగింది. మైకు మూతికాడికి రాంగనే మీ అమ్మకు నోరు పెగలలె. రేడియో ఆమె తొందర వెట్టలె. పిడికెడు పచ్చజొన్నలు తీసి మీ అమ్మ దోసిట్ల పోసింది. ఇగ చూడు! యాపాకు ఎంతెయ్యాలె, బూడిద ఎట్ల కలపాలె, బుట్టకు పేడ ఎట్ల అలకాలె, అన్ని చెప్పుకుంట పోయింది. చెప్పుకుంటనే రాళ్లేరింది. చాటల జొన్నలు రాలిన సప్పుడు గూడ రికార్డయింది.

పట్నం రేడియోల కంది అంటరు, రాగి అంటరు. మన రేడియోల తొగరి తొగరే, తైద తైదే. చిన్నప్పుడు బడిల తైదలు అన్నందుకు మనల్ని నిలవెట్టిన్రు, యాదికున్నదా? గదే మాట ఇప్పుడు తొంభై పాయింట్ నాలుగు ఎఫ్ఎం మీద వస్తుంటే నాకు కండ్లల్ల నీళ్లు తిరుగుతయి.

ఊకె రాలేదే ఈ రేడియో. పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లు 1998లనే యునెస్కో సాయంతోని మాచనూర్ల స్టూడియో పెట్టిన్రు. గాలి తరంగాలు జనం సొత్తని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది. అయినా సర్కారు 2002ల చదువుల సంస్థలకే రేడియో పెట్టుకోనిచ్చింది, సంఘాలకు 2006 దాంక ఇయ్యలె. గన్నేండ్లు మన ఆడోళ్లు స్టూడియోకు తాళమేసి కూసోలె. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ ఇద్దరు దళిత బిడ్డలు, మిషిన్ల పనంత నేర్సుకున్నరు. పాటలు, పంటల ముచ్చట్లు, మందాకుల ముచ్చట్లు క్యాసెట్లకు ఎక్కించిన్రు. వాటిని ఆడోళ్ల సంగం మీటింగుల్ల పెట్టి ఇనిపిచ్చిన్రు. రేడియో లేని రేడియో అన్నట్టు పదేండ్లు నడిపిన్రు.

2008 అక్టోబర్ 15నాడు జస్టిస్ పి.బి. సావంత్ వచ్చి రేడియో మొదలువెట్టిండు. 1995ల ఆ తీర్పు రాసిన జడ్జీలల్ల ఆయన ఒకరు. అయినా నాకు ఆ నాటి పండుగకన్న ఆ పదేండ్లే పెద్దగ కనవడ్తయి. ఎవరింటరో, ఎన్నడింటరో తెల్వకుంటనే రేపే గాలిలకు పోతదన్నట్టు పని జేసుడు అల్కటి ముచ్చటనా?

ఇది చిన్న రేడియోనే. దీని మాట చుట్టుపక్కల ఊళ్ల దాంకనే పోతది, పట్నం గూడ చేరది. ఇగ నీ దాంక యాడికెల్లి వస్తది? అందుకే మీ అమ్మ మాటలు వచ్చేనాడు ఫోన్ల రికార్డు చేసి పంపుత. నడుమ మీ కోడి అరుస్తది. తీసేద్దామా అని రేడియో ఆమె అడిగితే మీ అమ్మ వద్దన్నది. “ఉండనియ్యి బిడ్డా, నా బిడ్డ ఇంటే మన వాకిలి యాదికొస్తది” అన్నది.

నీ
దోస్తు