మలంచాలో అమెరికా పావలా

ఖరగ్‌పూర్ తెలుగువారికి ‘క్వార్టర్’ అనగానే మొదట స్ఫురించేది రైల్వేవారిచ్చిన ఇల్లు. ఒకనాటి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికై ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన కుటుంబాలెన్నో అట్టి ఇళ్ళలో తరాలు గడిపినవి. కొలువు ముగిసిన పిదప మలంచా వంటి పేటలలో సొంత ఇల్లు కట్టుకొన్నవారూ ఉన్నారు. అటువంటి ఇంటి పాత ట్రంకుపెట్టె అడుగున రెండవ రకం ‘క్వార్టర్’, అనగా అమెరికా డాలరులో నాల్గవవంతు, మన మాటలో అమెరికా పావలా, దొరికినా ఆశ్చర్యపడనక్కరలేదు.

కారణం 1944 నాటిది. ఆ ఏడు అమెరికా వైమానిక దళపు ఇరవయ్యవ బాంబర్ కమాండ్ తన కేంద్రాన్ని ఖరగ్‌పూర్ చెంత హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో నెలకొల్పింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిగి ఇద్దరు మరణించిన భవనమే అది. 1951లో ఐ.ఐ.టి. పుట్టినదీ అక్కడే. చుట్టుపట్ల సలువా, చాకులియా, పియార్డోబా విమానాశ్రయాల నుండి బి-29 విమానాలు 1944 జూన్ 5న బ్యాంకాక్‌పై తొలి దాడికి లేచినవి. 1945లో ఆ దళం పసిఫిక్ దీవులకు తరలిపోయింది.

బజారులో సైనికులకు చెల్లినది రూపాయే. స్వదేశపు చిల్లర జేబులో జ్ఞాపకంగానో, కానుకగానో మిగులవలసిందే. నాటి మారకంలో ఆ క్వార్టరు విలువ సుమారు పదమూడణాలు. కాని తక్కెడ వేరుగా పలుకుతుంది. 6.25 గ్రాముల ఆ నాణెంలో నూటికి 90 పాళ్ళు వెండి. 1940 నుండి మన రూపాయిలో వెండి సగానికి తగ్గినందున, పదమూడణాల అమెరికా పావలాలోనూ, పదహారణాల మన రూపాయిలోనూ వెండి ఇంచుమించు సమానమే! కంసాలి ఆశపడడంలో తప్పేమున్నది?

అయితే నాణెం విలువ తూకంతోనే తేలదు. బొమ్మవైపు వాషింగ్టన్ తల, సంవత్సరం. బొరుసువైపు రెక్కలు విప్పిన గద్ద, దాని కింద ఆకుకొమ్మల దండ. దండకు దిగువన ‘డి’ అని ఉంటే డెన్వర్ టంకశాల, ‘ఎస్’ అని ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కో. ఏమీ లేకుంటే ఫిలడెల్ఫియా. ఈ ముద్ర ఆరంభమైన 1932లో ‘డి’ నాణెములు 4,36,800, ‘ఎస్’ నాణెములు 4,08,000 మాత్రమే వెలువడినవి. అందుచేత సేకర్తలు వాటికై తహతహలాడుదురు. మోసగాండ్రు మామూలు 1932 నాణెంపై అక్షరాన్ని అతికించుదురు. యుద్ధకాలపు క్వార్టర్లు అట్లు కావు. 1942లో ఫిలడెల్ఫియా ఒక్కటే పదికోట్లకు పైగా అచ్చువేసింది. అరిగిన అట్టి నాణేనికి అంగడిలో వెండి వెలకు మించి పలుకుట అరుదు.

మన ఇళ్ళలో మరొక ప్రమాదం చింతపండు. పండుగకు పూజాపాత్రలతో పాటు నాణేన్నీ తోమి తళతళలాడించిన గృహిణి మెచ్చుకోదగినదే గాని, ఏళ్ళ తరబడి పట్టిన సహజమైన నల్లదనం పోగానే సేకర్త దృష్టిలో దాని వెల పడిపోతుంది.

ఇటీవల అమెరికా వెళ్ళివచ్చిన పిల్లలు తెచ్చే క్వార్టర్లలో 1776–1976 అని రెండు సంవత్సరాలున్నది ఒకటి కనబడుతుంది. దానిని రెండు శతాబ్దాల నాటిదని భద్రపరచినవారు లేకపోలేదు. అది స్వాతంత్ర్య ద్విశతాబ్ది గుర్తుగా కోట్లకొలది వేసిన నాణెం. అసలు తొలి అమెరికా క్వార్టరు ముద్రింపబడినదే 1796లో. 1965 నుండి చలామణి క్వార్టరులో వెండి లేదు, బరువూ 5.67 గ్రాములే. అంచును చూచిన చాలు, రాగి చార ఎర్రగా బయటపడుతుంది.

ట్రంకుపెట్టెలోని నాణెం అంచు తెల్లగా ఉండి, ఏడు 1944కు ముందరిదో, ఆనాటిదో అయితే కంసాలి దుకాణానికి పోయేముందు ఇంట్లో పెద్దవారిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది ఎవరి చేతికి, ఎవరి నుండి వచ్చింది? జవాబు దొరికితే చిన్న కాగితంపై వ్రాసి నాణెంతో పాటు అదే పొట్లంలో ఉంచవచ్చు. అమెరికాలో అచ్చయ్యే ధరల పట్టికలలో ఆ కాగితానికి వెల కట్టరు.