బ్లేడు మొద్దైతే భయం మనకే
కోరుట్లలో రెండు బర్రెలున్న మా ఇంటికి కొత్త చాఫ్ కట్టర్ అంటే బరువే. అందుకే జగిత్యాలలో సెకండ్ హ్యాండ్‌ది కొన్నాం. బ్లేడు మొద్దుబారితే మక్క చొప్ప తెగదు, నలిగి ఇరుక్కుంటుంది. దాన్ని లాగడానికి అమ్మ చెయ్యి లోపలికి పోతుంది. నా భయమంతా అదే.

సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే మా బావ చెప్పిన పద్ధతి చాలా సింపుల్. ముందు ప్లగ్గు పీకాలి, చక్రం పూర్తిగా ఆగాలి. బ్లేడ్లు విప్పి ఏటవాలు వైపే సాన పట్టించాలి. అన్నీ సమానంగా అరగాలి, లేదంటే చక్రం ఊగుతుంది. మధ్యమధ్య నీళ్లలో ముంచాలి. అంచు నీలంగా మారితే పదును నిలవదు. బిగించాక చక్రాన్ని కర్రతో మెల్లగా తిప్పి చూడాలి. బ్లేడు కింది పట్టీకి దగ్గరగా పోవాలి, తగలొద్దు.

పదునున్నా ఎప్పుడో ఒకసారి ఇరుక్కుంటుంది. అప్పుడు నేను అరిచేది ఒక్కటే: "అమ్మా, ముందు స్విచ్!"