పొద్దెక్కేకొద్దీ మారే రుచి

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు వెళ్తుంటే దారి పొడవునా తాటిచెట్లు పలకరిస్తాయి. చలికాలం చివర్నుంచి ఎండలు ముదిరేదాకా గీత గీసే చెట్ల మొవ్వుల్లో కుండలు వేలాడుతుంటాయి. తెల్లారేసరికే గీత కార్మికుడు మోకు బిగించి చెట్టెక్కుతాడు. రాత్రంతా బొట్టుబొట్టుగా నిండిన కుండ దించి, గెల కొసను కత్తితో పల్చగా చెక్కి, మరో కుండ కడతాడు. సాయంత్రం మళ్లీ ఎక్కాలి. చెక్కడం మానేస్తే ధార ఆగిపోతుంది మరి! ఉత్తరాంధ్రలో తరతరాలుగా కల్లు గీత యాతల వృత్తి, అమ్మకం శెగిడీలది. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ పుస్తకంలోనూ ఈ రెండు కులాల ప్రస్తావన ఉంది.

తోపులో కల్లు తాగేవాళ్లు ‘ఎంత ఘాటు?’ అని అడగరు. ‘ఎప్పుడు దించావు?’ అంటారు. నిజానికి రెండూ ఒకటే ప్రశ్న.

కుండకు లోపల సున్నం పూసి కడితే వచ్చేది నీరా. పులియదు, మత్తు ఉండదు, పిల్లలూ తాగొచ్చు. కొబ్బరినీళ్ల కంటే తియ్యగా, తాటిముంజె వాసనతో ఉంటుంది. సున్నం పూయని కుండలో కథ వేరు. గాల్లోనూ కుండ అంచునా ఉండే ఈస్ట్ రసంలోని చక్కెర మీద పడుతుంది. పొద్దున్నే దించిన కల్లు తీపి మీదే ఉంటుంది, నాలుక చివర చిన్న చురుకు, అంతే. మధ్యాహ్నానికి నురుగు కడుతుంది, తీపీ పులుపూ సమానమవుతాయి. ఉప్పుచేప నంజుకునేవాళ్లకు ఇష్టమైన వేళ ఇదే. సాయంత్రానికి తీపి దాదాపు మాయం. పులుపు, వగరు, గొంతులో మంట, ఆపైన తూలుడు! మర్నాటికి అది కల్లు కాదు, సిర్కా.

అమెరికాలో రై విస్కీ ప్రియులు ఇలాంటి పోలికలే సీసాలతో చేస్తారు. రై అనే ధాన్యం కనీసం 51 శాతం ఉండాలన్నది అక్కడి నిబంధన. పీపాలో పండిన సరుకు ఒకటే అయినా, కలిపిన నీళ్లను బట్టి ఒక సీసాలో ఆల్కహాల్ 40 శాతం, మరోదాంట్లో 50 శాతం ఉంటుంది. పక్కపక్కన పెట్టుకుని రుచి చూస్తే నీళ్లు ఎక్కువ కలిసినది మెత్తగా, తక్కువ కలిసినది మిరియపు ఘాటుతో తగులుతుందట. ఎంత ఘాటో చీటీ మీద రాసి ఉండాల్సిందే. మన తాటికల్లుకు చీటీ లేదు. ఎండే దాని చీటీ.

పైగా కల్లు ఘాటుకు ఓ హద్దుంది. తాటిరసంలో చక్కెర ఉండేదే నూటికి పది పన్నెండు పాళ్లు. అదంతా పులిసినా ఆల్కహాల్ అయిదారు శాతం దాటడం కష్టం. అంతకు మించి కావాలంటే బట్టీ పెట్టాల్సిందే. అది సారా దారి. విజయనగరం వాసి గురజాడ ‘కన్యాశుల్కం’లో సారా దుకాణం రంగం చదివినవారికి ఆ మత్తు ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో సారా అమ్మకాలను ప్రభుత్వం నిషేధించింది 1993 అక్టోబరులో.

ఈ లెక్క తెలిసినవాడికి అనుమానించడమూ తెలుస్తుంది. చక్కెర కరిగితేనే మత్తు పుడుతుంది కాబట్టి అసలు కల్లులో ఘాటు పెరిగేకొద్దీ తీపి తగ్గాలి. సాయంత్రం పూట కూడా పాయసంలా తియ్యగా ఉండి, రెండు గ్లాసులకే పడగొట్టేస్తోందంటే అది చెట్టు చేసిన పని కాదు. తీపికి శాక్రిన్, మత్తుకు నిద్రమాత్రల మందు కలిపే అక్రమాలు తెలుగునాట కొత్తవి కావు. 2025 జులైలో హైదరాబాద్‌ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ కల్లులో అల్ప్రాజోలం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. అన్ని మందులూ నాలుకకు దొరకవు. అందుకే తోపు దగ్గర ఉన్నవాళ్లు కుండ దిగేదాకా చెట్టు కిందే కూర్చుంటారు. ఆ సౌకర్యం పట్నంవాడికి ఎక్కడిది?

తీరం వదిలి ఆమదాలవలస, పాలకొండ మీదుగా సీతంపేట కొండలెక్కితే చెట్టు మారుతుంది. ఆకులు చేపతోకల్లా చీలి ఉండే జీలుగు అది. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ మన్యం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. సవరలు, జాతాపుల ఊళ్లలో పెళ్లయినా పండగయినా జీలుగు కల్లు ఉండాల్సిందే. అడ్డాకు డొప్పలోనో ఆనపబుర్రలోనో పోసిస్తారు. తాటికల్లు కంటే చిక్కన, వాసన మెత్తన. పొద్దుటి తీపి, సాపాటు వేళ పులుపు, సందెవేళ మంట... వరస మాత్రం మారదు. ఏ చెట్టుది, ఎప్పుడు దించింది అన్నది పోసేవాడికీ తెలుసు, తాగేవాడికీ తెలుసు.

జీలుగుకు ఇంకో వింత ఉంది. గెలలు తలదగ్గర మొదలై ఏటేటా కిందికి దిగుతూ వస్తాయి. అట్టడుగు గెల కూడా అయిపోయిందంటే చెట్టు ఎండిపోతుంది. దాని చోట ఇవాళ మొక్క నాటినా, తొలి కుండ కట్టాలంటే పదేళ్లు పైగానే ఆగాలి.