దిక్కు చూపే మొక్క

అమెరికా నడిభాగాన ఒకప్పుడు మనిషి ఎత్తున గడ్డి మొలిచే మైదానాలు ఉండేవి. వాటిని ప్రెయిరీలంటారు. దిక్సూచి మొక్క అక్కడిదే. దాని అడుగు ఆకులు నిలువుగా నిలబడి, చాలావరకు అంచులను ఉత్తర దక్షిణాలకు తిప్పుకుంటాయి. ఉదయం, సాయంకాలం ఎండ ఆకు మీద పడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ మటుకు అంచుకు తగిలి జారిపోతుంది. ఎంత తెలివి! పూలేమో పొద్దుతిరుగుడు పూలలా పసుపుపచ్చగా ఉంటాయి.

1837లో ఇల్లినాయ్‌లో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కు నాగలి చేశాడు. ఆ తరవాత మైదానాలు దున్ని మొక్కజొన్న వేశారు. ఆ రాష్ట్రంలో నేడు ప్రెయిరీ వెయ్యింట ఒక వంతైనా మిగలలేదు.

విస్కాన్సిన్‌లో ఒక పాత సమాధుల తోట మూల, నాగలీ కొడవలీ తగలనిచోట, ఈ మొక్కలు బతికి ఉండేవి. ఒక ఏడు రోడ్డు పనివాళ్ళు కంచె తీసి వాటిని కోసేశారు. ఈ సంగతి ప్రకృతి శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ రాశాడు. ఆ పుస్తకం 1949లో వెలువడింది. ఇలాటి మొక్కనొకదాన్ని తన పొలానికి తెచ్చుకుందామని ఆయన తవ్వి చూశాడు. అరగంట తవ్వినా వేరు చిలగడదుంపలా ఇంకా లావెక్కుతూనే ఉంది! సరే, విత్తులు నాటాడు. అవి త్వరగానే మొలిచాయి గాని, అయిదేళ్ళయినా పూతకు రాలేదు.

తోటలో పెంచేవాళ్ళు విత్తులను మంచు కురవకముందే చల్లుతారు. చలికాలమంతా తడిమట్టిలో ఉంటేగాని అవి సరిగా మొలవవు. మొదటి కొన్నేళ్ళూ పైకి నాలుగు ఆకులే కనిపిస్తాయి, బలమంతా వేరుకే. అది పదడుగుల దాకా దిగుతుంది. అందుకే ఎండ బాగా తగిలే చోటు ముందే చూసుకోవాలి, మళ్ళీ కదపరాదు. నిలదొక్కుకుంటే కాడ మనిషి తలను మించి లేస్తుంది. మొక్క నూరేళ్ళ దాకా బతకవచ్చు.