ఆ నొప్పిని దాచి ఉంటే

నాకు యాభై ఎనిమిదేళ్లు. తెనాలిలో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. 2023 నవంబరు చివర్లో హైదరాబాదులో నా గుండెకు అబ్లేషన్ చేశారు. చేసిన మూడు గంటలకే ప్రాణం మీదికి వచ్చింది. అప్పుడు ఏం జరిగిందో, ఆ తర్వాత మూడు నెలలు ఎలా గడిచాయో రాస్తున్నాను. ఈ చికిత్సకు వెళ్లేవాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ పనికొస్తే చాలు.

నాది రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు కాదు, గుండె లయ తప్పే జబ్బు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయి. మిషన్ తొక్కుతుంటే ఉన్నట్టుండి దడ మొదలయ్యేది, కాళ్లల్లో సత్తువ పోయేది. ఆ గదుల్లో రక్తం గడ్డ కట్టి మెదడుకు పోతే పక్షవాతం వస్తుందని రక్తం పలచబరిచే బిళ్లలు ఇచ్చారు. రెండేళ్లు మందులతో నెట్టుకొచ్చాను. దడ మాత్రం లొంగలేదు.

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఊపిరితిత్తుల నుంచి ఎడమ పై గదికి రక్తం తెచ్చే సిరల దగ్గరే దడ రేపే తప్పుడు కరెంటు ఎక్కువగా పుడుతుందట. ఆ సంగతి ఫ్రాన్సులోని బోర్డో నగరంలో మిషెల్ హైసాగేర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 1998లో చూపించారట. గజ్జల్లోని సిర నుంచి సన్నటి వైర్లు గుండెలోకి పంపి, రెండు పై గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి అవతలికి వెళ్లి, ఆ సిరల మొదళ్ల చుట్టూ వేడితో కాలుస్తారు. అబ్లేషన్ అంటే ఇదే. కాలిన చోట మచ్చ కట్టి, కరెంటు ఇవతలికి రాదు. గుండె చుట్టూ రక్తం చేరే ప్రమాదం నూటికి ఒకరికి అటూ ఇటుగా ఉంటుందని కూడా చెప్పారు. సంతకం పెట్టే ముందు మా అబ్బాయి ఆ వాక్యం పైకి చదివాడు. విన్నాను. ఆ ఒక్కరూ నేనే అవుతానని అనుకోలేదు.

మెలకువ వచ్చేసరికి ఐసీయూలో ఉన్నాను. కుడికాలు మడవకూడదన్నారు. కాసేపటికి ఎడమ భుజం లాగడం మొదలైంది. తర్వాత ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి అదుముతున్నట్టు అనిపించింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కదా, గ్యాస్ అయి ఉంటుందనుకున్నాను. అందరూ అటూ ఇటూ పరుగెత్తుతున్నారు, వాళ్లను మళ్లీ పిలవడమెందుకని ఓర్చుకున్నాను. ఓర్చుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పురిటి నొప్పులప్పుడు కూడా నా నోట్లోంచి అరుపు రాలేదని మా అమ్మ పదిమందికీ గొప్పగా చెప్పేది.

కాసేపటికి చెమటలు పోశాయి. ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. పక్క మంచం దగ్గరున్న నర్సమ్మాయిని పిలిచి, "గ్యాస్ అనుకుంటానమ్మా, ఊపిరి ఆడటం లేదు" అన్నాను. ఆ పిల్ల నా మాటలో గ్యాస్‌ను వదిలేసి ఊపిరిని పట్టుకుంది. వెంటనే బీపీ చూసింది. 80 ఉంది. నిమిషంలో నా చుట్టూ నలుగురు చేరారు. ఛాతీ మీద జిగురు పూసి ఎకో చేశారు. గుండెను కప్పి ఒక సంచి ఉంటుంది. అందులో మామూలుగా కొద్దిపాటి నీరే ఉంటుంది. నా సంచి నిండా రక్తం చేరింది. ఆ సంచి గభాలున సాగదు. సాగని గుడ్డతో బిగుతుగా కుట్టిన జాకెట్టులా గుండెను పట్టేసింది. విప్పారడానికి చోటు లేక గుండె నిండటం లేదు.

రొమ్ముటెముక కింద మత్తు సూది పొడిచి, పొడవాటి సూదితో రక్తం లాగారు. ఆ రక్తం వస్తుంటేనే నా ఊపిరి తిరిగి రావడం నాకు తెలిసింది. నీళ్లలోంచి తల పైకెత్తినట్టయింది. మొత్తం 350 మిల్లీలీటర్లు తీశారు. సన్నటి గొట్టం ఒకటి లోపలే ఉంచారు. అది రెండు రోజులు ఉంది. గొట్టంలోంచి బయటి సంచిలోకి దిగే చుక్కల వైపే చూస్తూ పడుకున్నాను. మూడో రోజు చుక్కలు ఆగాయి, గొట్టం తీసేశారు.

కష్టం అక్కడితో అయిపోలేదు. రక్తం తగిలి గుండె పొర వాచింది. వెల్లకిలా పడుకుంటే ఛాతీలో కత్తి దిగినట్టుండేది. ముందుకు వంగితే తగ్గేది. కూకట్‌పల్లిలో అబ్బాయి ఇంట్లో పది రోజులుండి తెనాలి వచ్చాక, రాత్రిళ్లు నా పక్క కుట్టుమిషనే. దాని బల్ల మీద రెండు దిండ్లు వేసుకుని, తల ఆనించి, కూర్చునే నిద్రపోయేదాన్ని. మా ఆయన పక్కనే చాప మీద పడుకుని, నేను కదిలితే లేచి కూర్చునేవారు. ఆ వాపు తగ్గడానికి కాల్చిసిన్ బిళ్లలు మూడు నెలలు వాడమన్నారు. వాటికి విరేచనాలయ్యేవి. అయినా మానలేదు.

అన్నిటికన్నా భయపెట్టింది రక్తం పలచబరిచే బిళ్లను మళ్లీ మొదలుపెట్టమనడం. రక్తం కారే కదా చావు దాకా వెళ్లాను, మళ్లీ ఆ బిళ్లా? ఇదే మాట డాక్టరుగారితో అన్నాను. కాలిన చోట లోపలి పొర మానేదాకా గడ్డ కట్టే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువని, గుండె చుట్టూ మళ్లీ రక్తం చేరడం లేదని ఎకోలో నిర్ధారణ అయ్యాకే ఇస్తున్నామని ఆయన ఓపిగ్గా చెప్పారు. అడగకపోయి ఉంటే ఆ బిళ్లను గుట్టుగా ఎగ్గొట్టేదాన్నేమో. ఇంకో జాగ్రత్త కూడా చెప్పారు. రెండు నెలల లోపు జ్వరం వచ్చినా, మింగుతుంటే నొప్పి పుట్టినా ఊళ్లో మందు వాడి ఊరుకోకుండా నేరుగా వాళ్ల దగ్గరికే రమ్మన్నారు. అన్నవాహిక గుండె ఎడమ పై గదికి ఆనుకునే ఉంటుందట. ఎంతో అరుదుగా ఆ వేడి దానికీ తగులుతుందట.

చూడటానికి వచ్చినవాళ్లంతా "ఎన్ని స్టంట్లు వేశారు?" అని అడిగేవాళ్లు. వేయలేదంటే, అయితే చిన్నదేలే అనేవాళ్లు. నా భయం ఎవరికీ కనిపించేది కాదు. ఒంటరిగా స్నానానికి వెళ్లడానికి కూడా జంకేదాన్ని. వేళ్లు ఎప్పుడూ మణికట్టు మీదే ఉండేవి.

భోగి నాడు తెల్లవారుజామున పాత దడ మళ్లీ వచ్చింది. ఇంత పడ్డదీ వృథా అయిందని ఏడ్చాను. ఈసారి మాత్రం ఓర్చుకోలేదు. మా ఆయన్ను లేపాను, అబ్బాయికి ఫోన్ చేయించాను. వెంటనే గుంటూరులో ఈసీజీ తీయించి హైదరాబాదుకు పంపాం. మొదటి మూడు నెలల్లో ఇలా రావచ్చనీ, కాలిన చోటు మచ్చ కట్టేదాకా చికిత్స పని చేయలేదనుకోకూడదనీ చెప్పి మందు మార్చారు. రెండు రోజుల్లో సర్దుకుంది. ఆ ఏడాది మా వాకిట్లో ముగ్గు కోడలు వేసింది. నేను కుర్చీలో కూర్చుని చుక్కలు లెక్క చెప్పాను.

శివరాత్రి వెళ్లాక మళ్లీ మిషన్ ఎక్కాను. మొదటి రోజు ఒక్క చేతి మడత, అంతే. ఇప్పుడు రోజుకు రెండు జాకెట్లు కుడుతున్నాను. దడ రావడం లేదు.

నా కొలతల పుస్తకంలో ఇప్పుడు భుజం, నడుము, చేతి పొడవు కొలతల మధ్య నా నాడి లెక్కలు కూడా ఉంటాయి. ఏ రోజు ఎంత ఉంది, ఎక్కడ నొప్పి, ఎంతసేపు, పడుకుంటేనా, కూర్చుంటేనా అన్నీ రాస్తాను. పరీక్షకు వెళ్లినప్పుడు ఆ పుస్తకమే డాక్టరుగారి ముందు పెట్టి చదువుతాను. నొప్పి రాసేచోట గ్యాస్ అని మాత్రం రాయను. అది గ్యాసో కాదో చెప్పాల్సింది వాళ్లు. ఊపిరి ఆడటం లేదని చెప్పాల్సింది నేను.